ఎఫ్ అని రాసిన తొమ్మిది గళ్లు

కుప్పంలో రైల్వే స్టేషన్‌కు దగ్గరగా ఉన్న ఒక కల్యాణ మండపం మేడమీద, భోజనాల హాలులో, ఆ ఆదివారం ఉదయం ఉన్నవారు, ఉన్నవి ఇవి. పోలండ్ వెళ్లబోతున్న టెక్నీషియన్లు పన్నెండు మంది. వాళ్లలో పెళ్లయినవారి భార్యలు తొమ్మిది మంది. పిల్లలు పదకొండు మంది, అందులో చంకన ఉన్నవాళ్లు ఇద్దరు. ఒక అత్తగారు. ఎవరూ రమ్మనకపోయినా వచ్చిన బావమరుదులు ఇద్దరు. ప్రొజెక్టర్ ఒకటి, దాని బొమ్మ పడటానికి గోడకు కట్టిన తెల్ల పంచె ఒకటి. చలికోట్లు రెండు, మందపాటి బూట్లు ఒక జత. బెంగళూరు ఆఫీసు నుంచి వచ్చిన మా మేనేజర్. నేను. నా చేతిలో నలభై నాలుగు అంశాల జాబితా, పన్నెండు ప్రతులు.

ఎండాకాలం. ఫ్యాన్లు వేడి గాలినే తిప్పుతున్నాయి. ఒక చలికోటు చేతి నుంచి చేతికి మారుతూ మూడో వరుసకు వెళ్లింది. అక్కడ ఒక వెల్డర్ దాన్ని తొడుక్కుని లేచి నిలబడి, మెడ దాకా జిప్పు లాక్కున్నాడు.

"తీసేయప్పా, సూస్తాంటే మాకే ఉడుకెత్తుతాండాది" అంది అతని భార్య.

"ఉండనీమ్మా, ఆడికి పొయ్యేలోపల రోంత సన్నబడతాడు" అన్నాడు బావమరిది. హాలంతా నవ్వింది.

అత్తగారు చెయ్యెత్తి, "నాయనా, ఆడ గేదెలుంటాయా?" అని అడిగింది. పాలు లేకుండా అల్లుడు ఎట్లా బతుకుతాడన్నది ఆమె దిగులు. మా మేనేజర్ ఆమె దగ్గరికి వెళ్లి, కొంచెం వంగి, ఆవులుంటాయని, పాలు ఇంటి ముందరి కొట్లోనే దొరుకుతాయని ఓపికగా చెప్పాడు. ఆయనకు మనుషులతో మాట్లాడటం వచ్చు. నాకు రాదు. అందుకే ఆయన పక్కన నిలబడి నేర్చుకోవాలని అప్పట్లో అనుకునేవాణ్ని.

చివర్లో రెండో వరుస నుంచి ఒకామె లేచింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్లుంటాయి. మేమిచ్చిన పాలసీ పుస్తకంలో పేజీ మడిచి పట్టుకుని ఉంది. భర్త పక్కనే కూర్చుని తల దించుకున్నాడు.

"సార్, పదిహేడో పేజీలో మూడు నెలలైనాక ఫ్యామిలీ రావచ్చునని ఉండాది. దాని కిందనే, 'అక్కడి యూనిట్ అనుమతికి లోబడి' అని గూడా ఉండాది. ఆ అనుమతి వచ్చేసిందా, ఇంగా రావల్లా?"

ఆ హాలులో ఆ ఉదయం అడగవలసిన ప్రశ్న అదొక్కటే. నేను కూడా అడిగి ఉండవలసింది.

"అది ప్రతి కాగితంలోనూ రాసే మాటేనమ్మా" అన్నాడు మా మేనేజర్. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదిగో, ఈ తమ్ముడు మీవైపువాడే, మదనపల్లె. ప్రతి ఇంటికీ వస్తాడు. మీరేం అడిగినా ఇతన్ని అడగండి."

అందరూ నా వైపు చూశారు. నేను తలూపాను.

మధ్యాహ్నం మండపం ఖాళీ అయ్యాక, ఆ మెట్ల మీదే కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి పన్నెండు పేర్ల ఎదుట 'స్టేటస్' అనే గడి నింపాను. మా పనిలో దానికి రెండే అక్షరాలు. ఒంటరిగా వెళ్లేవాడికి ఎస్, అంటే సింగిల్. కుటుంబంతో వెళ్లేవాడికి ఎఫ్, అంటే ఫ్యామిలీ. పెళ్లికానివాళ్లు ముగ్గురికి ఎస్ రాశాను. మిగిలిన తొమ్మిది గళ్లలో ఎఫ్ రాశాను.

*

నేను మెకానికల్ చదివాను. కుప్పం పక్కన మా కంపెనీ ఫ్యాక్టరీలో గేర్లు తయారవుతాయి. మూడేళ్లు అక్కడ క్వాలిటీ విభాగంలో పనిచేశాను. గేరు పన్ను కొలిచి, సరిపోతే ఒక పక్క, సరిపోకపోతే ఇంకో పక్క పెట్టడం. కంపెనీ పోలండ్‌లో ఒక పాత ఫ్యాక్టరీ కొన్నాక, ఇక్కడి నుంచి మనుషుల్ని రెండేళ్లకు పంపే కార్యక్రమం మొదలైంది. దానికి స్థానికంగా ఒకడు కావాలన్నారు. మా మేనేజర్ మదనపల్లెలో నేను చదివిన కాలేజీలోనే పదకొండేళ్ల ముందు చదివాడు. నా దరఖాస్తు చూసి ఆయనే ఫోన్ చేశాడు. "మన కాలేజీవాడివి, మన ఊరివాడివి, ఇంకెవరిని తీసుకుంటాను?" అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన నాకు అన్న, నేను ఆయనకు తమ్ముణ్ని.

జాబితా రాయడం ఆయనే నేర్పాడు. నాకు జాబితాలు ముందే ఇష్టం, కానీ నావి యంత్రాల జాబితాలు. "జనం దూరం పోవడానికి భయపడరు తమ్ముడూ, ముందేం జరుగుతుందో తెలియకపోతే భయపడతారు. అన్నిటికీ నంబర్లేసి చేతికియ్యి" అనేవాడు. పాస్‌పోర్టు, పోలీసు విచారణ, వైద్య పరీక్ష, పళ్ల పరీక్ష, మార్కుల జాబితాల మీద ముద్రలు, పిల్లల టీకాల కార్డులు. పంతొమ్మిదో అంశం ఆయన సొంతంగా చేర్పించింది: ఇంటికి వెళ్లడం, భోజనం.

"భోజనం ఎందుకన్నా?" అని అడిగాను.

"మనవైపు ఇంట్లో కూర్చుని తినిపోయినవాడి మాట నమ్ముతారు. ఫోన్లో వందసార్లు చెప్పు, నమ్మరు. తినిరా."

నిజమే. మా అమ్మ కూడా అంతే. కొత్తగా వచ్చినవాడు మంచినీళ్లు కూడా వద్దంటే వాడి పని మీద ఆమెకు అనుమానం వస్తుంది. అందుకని ఆ అంశంలో నాకు తప్పేమీ కనిపించలేదు. మంచిదని కూడా అనిపించింది.

ఆ నెలలో తొమ్మిది ఇళ్లలో తిన్నాను. మదనపల్లెలో మూడు, పుంగనూరు వైపు నాలుగు, కుప్పంలో రెండు. మదనపల్లెలో ఒక ఫిట్టర్ వాళ్ల అమ్మ, కొడుకును దక్కనీ ఉర్దూలో తిడుతూ నన్ను తెలుగులో తినమని బతిమాలింది. రెండూ ఒకే ఊపిరిలో. కుప్పంలో ఒక ఇంట్లో నేను వచ్చానని పక్కింటివాళ్లు కూడా వచ్చి కూర్చుని, నేను తింటుంటే చూశారు. ఇంటికి తిరిగి వచ్చాక పంతొమ్మిదో అంశం ఎదుట టిక్కు పెట్టుకునేవాణ్ని.

*

కుప్పంలో పదిహేడో పేజీ గురించి అడిగినామె ఇల్లు పుంగనూరుకు ఏడు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో. నేను వెళ్లేసరికి సాయంత్రం ఐదు దాటింది. ఆమె ఇంట్లో లేదు. భర్త నన్ను నేరుగా పాల కేంద్రానికి తీసుకుపోయాడు.

ఊరి పాల సంఘానికి పాలు పరీక్షించే పని ఆమెది. తొమ్మిదేళ్లుగా పొద్దున, సాయంత్రం అదే బల్ల ముందు. బిందెలో పాలు కలియబెట్టి, చిన్న సీసాలో తీసి, మిషన్ కింద పెడుతుంది. అది ఫ్యాటు శాతం చూపిస్తుంది, దాన్నిబట్టే పాలకు ధర. ఆమె అంకెను గట్టిగా చదువుతుంది. ఒక్కో మనిషికీ మధ్య సీసా కడుగుతుంది. అంకె మీద ఎవరైనా గొడవపడితే, మాట్లాడకుండా అదే బిందె నుంచి మళ్లీ తీసి, మళ్లీ పెడుతుంది. మా క్వాలిటీ విభాగంలో అంత శుభ్రంగా పనిచేసేవాళ్లు ఇద్దరే ఉన్నారు.

ఒక పెద్దాయన తన అంకె విని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏమ్మా, నీ మిసనుకు మా ఆవు మింద పగా?"

"మిసనుకు పగ ల్యా మామా. మీ బిందెకే బోరునీళ్ల మింద ప్రేమ శానా."

వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఇంటికి వచ్చాక రాగిసంగటి, వేరుశనగ చట్నీ పెట్టారు. నేను తింటుండగా ఆమె నా జాబితా చేతిలోకి తీసుకుని ఒక్కొక్క నంబరూ వేలుతో చదివింది. ముప్పై ఒకటి దగ్గర ఆగింది. 'భార్య ఉద్యోగంలో ఉంటే, విడుదల పత్రం.'

ఆ అంశం మా మేనేజర్ చెప్పింది కాదు. కంపెనీ అడిగిందీ కాదు. నేనే చేర్చాను. కుటుంబ వీసాలకు చివరి వారంలో కాగితాలు ఆలస్యమవుతాయని ఎక్కడో చదివి, ఉద్యోగాల్లో ఉన్న భార్యలు ముందే విడుదలై ఉంటే పని సాఫీగా జరుగుతుందని లెక్కవేసి, మొదటి నెలలోనే పెట్టాను. ఒకటి ముందు, ఒకటి తర్వాత అని పనుల్ని పేర్చడం నాకు బాగా వచ్చనుకునేవాణ్ని.

"ఇది ఇచ్చేస్తే మల్లా ఈ పని రాదప్పా" అంది ఆమె. "సంఘం మీటింగులో సెప్పి దిగాల. దిగినంక ఇంగొకరిని పెట్టుకుంటారు. అడిగేవాళ్లు నలుగురుండారు."

"మూడు నెలల్లో మీరు అక్కడుంటారక్కా."

"అనుమతి పేపరు నువ్వు సూసినావా?"

"పాలసీ చూశాను."

"పాలసీ నేనూ సూసినా. అనుమతి?"

"మా మేనేజర్ దగ్గర ఉంటుంది. ఆయన చూసుకుంటారు."

భర్త గోడకు ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆమె అతన్ని చూపిస్తూ చెప్పింది. "ఈయప్ప ఆరేండ్లు హోసూరులో ఉండె. నేనీడ. వారానికొక్కసారి మొగుడు, అదీ బస్సు దొరికితే. సిన్నోడు వాళ్ల నాయన్ను సూసి ఎవురని అడిగినాడు ఒగసారి. ఇంగ అట్ల బతికేది నావల్ల గాదు. పోతే అందరమూ పోవాల, లేకుంటే ఎవురూ పోగూడదు. అందుకే అడుగుతాండా. యాల అడుగుతాదో ఈయమ్మ అనుకోవద్దు."

"అనుకోను అక్కా."

"నువ్వు సెప్తాండావు గదా?"

"చెప్తున్నాను."

"సరే" అని ఇంకొక ముద్ద వడ్డించింది. నేను వద్దనలేదు.

తర్వాతి వారం ఆమె సంఘం మీటింగులో రాజీనామా చెప్పింది. విడుదల పత్రాన్ని ఫొటో తీసి నాకు పంపింది. నేను ముప్పై ఒకటి ఎదుట టిక్కు పెట్టాను. ఆ వారంలో అందరికంటే ముందు నలభై నాలుగూ పూర్తి చేసిన ఇల్లు వాళ్లదే. అది మా మేనేజర్‌కు రాస్తే, బొటనవేలి బొమ్మ వచ్చింది.

*

విమానానికి ఎనిమిది రోజుల ముందు, పోలండ్ యూనిట్ వాళ్లకు వసతి గురించి మెయిల్ పెట్టాను. తొమ్మిది కుటుంబాలకు మూడు నెలల తర్వాత ఇళ్లు ఎక్కడ ఇస్తారు, బడి ఎంత దూరం, అని రెండు ప్రశ్నలు. అక్కడి ఉద్యోగిని మర్యాదగా జవాబిచ్చింది. ఈ విషయం ముందే తేలిపోయింది గదా, పన్నెండు మందీ సింగిల్ స్టేటస్ మీదే వస్తున్నారు, రెండేళ్లూ కుటుంబ వసతి ఉండదు, కింద పాత ఉత్తరాలు చూడండి, అని రాసింది.

కింద చూశాను. మొత్తం ఏడు ఉత్తరాలు. అన్నిటికంటే అడుగున ఉన్నది యూనిట్ నిరాకరణ. దాని మీద మా మేనేజర్ జవాబు, అదే రోజున. అర్థమైందని, కుటుంబాలకు ఇప్పుడే చెప్పబోమని, ముందు ఒప్పందాల మీద సంతకాలు పూర్తి కావాలని రాశాడు. ఇళ్లకు వెళ్లి ధైర్యం చెప్పే పని ఒక స్థానిక కుర్రాడు చూసుకుంటాడని చివరి వాక్యం.

ఆ స్థానిక కుర్రాణ్ని నేను.

ఒక తెల్లకాగితం తీసుకుని తేదీలు వరుసగా రాశాను. నిరాకరణ వచ్చింది. పంతొమ్మిది రోజుల తర్వాత కుప్పం సమావేశం. మొదటి భోజనం ఇరవై నాలుగో రోజున. పాల కేంద్రం ఆమె రాజీనామా నలభై ఒకటో రోజున. ఎక్కడైనా పొరపాటు పడ్డానేమోనని, మా మేనేజర్‌కు అనుకూలంగా ఇంకో వరుస ఏదైనా కుదురుతుందేమోనని మళ్లీ రాశాను. కుదరలేదు.

ఆ శనివారం ఆయన వాళ్ల అమ్మను చూడటానికి మదనపల్లె వచ్చాడు. టొమాటో మార్కెట్ ఎదుట టీ కొట్టు దగ్గర కలుద్దామన్నాడు. లారీల్లోకి క్రేట్లు ఎక్కిస్తున్న చప్పుడులో మేమిద్దరం కొంచెం గట్టిగానే మాట్లాడుకోవలసి వచ్చింది. నేను ఫోన్లో ఆ ఉత్తరాలు తెరిచి చూపించాను. ఆయన చదవలేదు. చూడగానే తెలిసిపోయింది.

"చూసేశావా. మంచిదే. ఇక నీతో జాగ్రత్తగా మాట్లాడే పని లేదు."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే ఆ తొమ్మిది ఇళ్లలో నీకు ముద్ద దిగేదా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. మెచ్చుకోలే ఉంది. "నీ మొహంలో ఏదీ దాగదు తమ్ముడూ. నమ్మితేనే చెప్పగలవు. అందుకేగా నిన్ను తీసుకుంది."

టీ కొట్టు ఆయన గ్లాసులు తెచ్చి పెట్టాడు. మా మేనేజర్ ఒక గుక్క తాగి, "చక్కెర తక్కువ అన్నానే అన్నా" అని అతనితో అన్నాడు. నాతో మాట్లాడిన గొంతుతోనే అన్నాడు.

"ఇప్పుడేం చేద్దాం?" అన్నాను.

"ఏం చెయ్యొద్దు. విమానం ఎక్కనీ. ఎక్కాక, ఇంకో ఏడాదికి చూద్దామంటున్నారని చెబుదాం. కొన్నాళ్లు బాధపడతారు, అలవాటైపోతుంది. నువ్వు ఆ గడి మార్చు. తొమ్మిదింటిలోనూ ఎస్ పెట్టు."

నాకంటూ చాలా మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. అయిదు అంశాలుగా. ఒక్కటీ చెప్పలేదు. "మీ అమ్మను అడిగానని చెప్పు" అని ఆయన వెళ్లిపోయాడు.

*

మరునాడు పొద్దున మొదటి బస్సుకు పుంగనూరు, అక్కడి నుంచి ఆటోలో ఆ పల్లె. పాల వేళ. కేంద్రం ముందు నుంచే ఆటో వెళ్లింది. బల్ల వెనక వేరే అమ్మాయి ఉంది. నేను వెతికి వచ్చినామె ఇంటి దగ్గరే ఉంది, ఆ వేళకు ఇంట్లో ఉండటం అలవాటు లేని మనిషిలా వాకిట్లో ఊరికే నిలబడి ఉంది.

నేను కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాను. తేదీలతో సహా. దాచింది ఎవరో, ఎప్పుడో, ముప్పై ఒకటో అంశం రాసింది ఎవరో అన్నీ చెప్పాను.

ఆమె నన్ను తిడుతుందని అనుకున్నాను. తిట్టలేదు. నా వెనక ఎవరినో చూస్తోంది. తిరిగి చూస్తే ఆమె భర్త, తువ్వాలు భుజాన వేసుకుని తలుపులో ఉన్నాడు. అతని మొహంలో ఆశ్చర్యం లేదు.

"నీకు తెలుసునా?" అంది ఆమె.

"పొయ్యేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవురో పెట్టినారు. నిజమో కాదో అని..."

"ఎన్ని దినాలైంది?"

"పది."

"పది దినాలు" అంది. "పది దినాలు నేను స్వెట్టర్లు మడిసి పెట్టెలో పెడతాంటే సూస్తాండావు."

అతను నా మీద పడ్డాడు. "యాల సెప్పినావప్పా ఇప్పుడు? ఎక్కినంక నేనే నిదానంగా సెప్పుకుందును గదా! తొలీతగా నువ్వే నమ్మిస్తివి, ఇప్పుడు నువ్వే వచ్చి కొంప కూలుస్తాండావు."

మా మేనేజర్ అన్నదీ, ఇతను అన్నదీ ఒకటే మాట. ఎక్కాక చెబుదాం. ఈ ఇంట్లో ఆ మాట వింటానని నేను అనుకోలేదు.

"గమ్మునుండు" అని ఆమె అతన్ని ఆపింది. తర్వాత ఆమే, "నువ్వు పో. పోనంటే కంపెనీలో నీ పనీ పోతాది. ఇద్దరమూ పని లేకుండా ఇంట్లో కూసుంటే పిల్లోళ్ల గతేంది" అంది. అతని వైపు చూడకుండానే అంది. అప్పుడు నాతో, "వచ్చే నెల సంఘం మీటింగుండాది. నా పని నాకియ్యమని అడుగుతా. నువ్వొచ్చి, ఈయమ్మ నా మాట మింద దిగింది అని అందరి ముందర సెప్పు. సెప్తావా, దానికీ మీ మేనేజర్ని అడగాల్నా?" అంది.

"చెప్తాను అక్కా."

ఆ రోజే మిగిలిన ఎనిమిది ఇళ్లకూ ఫోన్ చేసి చెప్పాను. ఇద్దరు తిట్టారు. ఒకరు ఏడ్చారు. అయిదుగురు ముందే తెలిసినట్టు మాట్లాడారు. అయినా ఆ వారం పన్నెండు మందీ విమానం ఎక్కారు. నేను ఫోన్లు చేసిన మరునాడే, సోమవారం, నన్ను ఆ విభాగం నుంచి తీసి, మళ్లీ గేర్లు కొలిచే బల్ల దగ్గరికి పంపారు. మా మేనేజర్ తర్వాత ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

*

సంఘం మీటింగు పాల కేంద్రం ముందే, షామియానా కింద జరిగింది. ఆమె ముందు వరుసలో, ఆడవాళ్ల వైపు కూర్చుంది. కొత్తగా పెట్టుకున్న అమ్మాయి పక్క వరుసలోనే ఉంది, ఒక సభ్యుడి కోడలు. అధ్యక్షుడు విషయం చదివి వినిపించాడు. నియమం సులభమే. వచ్చినవాళ్లలో సగానికి మించి చేతులెత్తితే పాత మనిషికి పని తిరిగి ఇవ్వవచ్చు.

నన్ను మాట్లాడమన్నారు. లేచాను.

"నువ్వెవురప్పా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఆమె భర్త పనిచేసే కంపెనీవాణ్ని."

"కంపెనీ యాడుండాది, మా పాలు యాడుండాయి?"

నవ్వులు తగ్గేదాకా ఆగాను. ఆమె తొందరపడి దిగలేదని, కుటుంబాలను కూడా పంపుతామని నేను ఇంటికి వచ్చి చెబితే దిగిందని, ఆ మాట అబద్ధమని, పొరపాటు ఆమెది కాదని చెప్పాను. నేను రాసిన జాబితాలోనే రాజీనామా ఉందని కూడా చెప్పాను. నాకు చేతనైనంత వివరంగా చెప్పాను.

నేను మొదటిసారి ఆ ఊరు వచ్చిన సాయంత్రం, మిషనుకు తన ఆవు మీద పగా అని అడిగిన పెద్దాయన లేచాడు. "అంతా సరే నాయనా. ఆయమ్మ దిగినాక నా పాలల్లో ఫ్యాటు పెరిగిపాయ. అదెట్లనో నాకూ తెలీదు. ఆ పెరిగింది మల్లా తగ్గించుకోమంటావా?"

ఈసారి నవ్వు ఇంకా గట్టిగా వచ్చింది. కొత్త అమ్మాయి తల దించుకుంది. ముందు వరుసలో ఆమె వెనక్కి తిరగలేదు, నవ్విందెవరో చూడలేదు. తొమ్మిదేళ్లు రోజుకు రెండుసార్లు ఆమె వాళ్ల సీసాలు కడిగింది. వాళ్లందరి బిందెలూ ఆమెకు తెలుసు.

అధ్యక్షుడు చేతులెత్తమన్నాడు. హాజరైనవాళ్లు నూట మూడు మంది. కావలసినవి యాభై రెండు. ఆయన ఒక పక్క నుంచి, నేను ఇంకో పక్క నుంచి లెక్కపెట్టాం. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.

లేచిన చేతులు నలభై తొమ్మిది.